డిగ్రీ మొదటి ఏడాదికి పవిత్ర గ్రంథాల కోర్సు ఎలా తయారు చేయాలి?

ఒక్క సెమిస్టర్‌లో అన్ని మతాలనూ చుట్టేయాలని చూడకండి. వేదాలకో వారం, బైబిల్‌కో వారం, ఖురాన్‌కో వారం అని పంచేస్తే పిల్లలు నోట్స్ రాసుకుంటారు గానీ అసలు గ్రంథం తెరవరు. మొదటి కోర్సులో నేర్పాల్సింది చదవడం.

ముందుగా, ఇది మతబోధన కాదని సిలబస్ మొదటి పేజీలోనే రాయండి. పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే విద్యాసంస్థల్లో మతబోధనను రాజ్యాంగం 28వ అధికరణం ఒప్పుకోదు. మతాల గురించి చదువుకోవడానికి మాత్రం అడ్డు లేదని 2002లో అరుణా రాయ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఈ తేడా తల్లిదండ్రులకూ తెలిస్తే సగం టెన్షన్ తగ్గుతుంది.

తర్వాత నాలుగైదు గ్రంథాలు ఎంచుకుని, ఒక్కోదాంట్లో చిన్న భాగమే తీసుకోండి. ఋగ్వేదంలో వెయ్యికి పైగా సూక్తాలున్నా, పదో మండలంలోని నాసదీయ సూక్తం ఒక్కటి చాలు. సృష్టి ఎలా పుట్టిందో పైనున్నవాడికైనా తెలుసో లేదో అనే సందేహంతో అది ముగుస్తుంది. బౌద్ధుల ధమ్మపదంలో మొదటి ఇరవై గాథలు తీసుకోవచ్చు. అందరి చేతుల్లోనూ వచనాల నంబర్లున్న ఒకే తెలుగు అనువాదం ఉండాలి.

కోర్సుకు గుండెకాయ లాంటిది మాత్రం ఒకే కథను రెండు గ్రంథాల్లో పక్కపక్కన పెట్టి చదివించడం. దానికి యోసేపు కథను మించింది లేదు. బైబిల్‌లోని ఆదికాండం 39వ అధ్యాయంలో యజమాని భార్య పట్టుకుంటే యోసేపు తన వస్త్రాన్ని ఆమె చేతిలోనే వదిలి పారిపోతాడు. ఆ వస్త్రాన్నే చూపించి ఆమె అతని మీద నింద వేస్తుంది, అతను జైలు పాలవుతాడు. ఖురాన్ 12వ సూరాలో (అధ్యాయంలో) అదే ఘట్టంలో యూసుఫ్ చొక్కా వెనక నుంచి చిరుగుతుంది. వెనక చిరిగిందంటే తప్పు ఆమెదేనని ఆ ఇంటివాళ్లలోనే ఒకరు తేలుస్తారు. అక్కడ నిందకు ఆధారమైన బట్టే ఇక్కడ నిర్దోషి అనడానికి సాక్ష్యం. మీరు వివరించకముందే రెండూ చదవమనండి. ఈ తేడాను వాళ్లే పట్టుకుంటే క్లాసు ఎలా మారిపోతుందో చూడాలి! ఈ ఒక్క కథకు రెండు వారాలు ఇచ్చినా దండగ కాదు.

వినిపించడం కూడా పాఠంలో భాగమే. సిక్కుల గురు గ్రంథ్ సాహిబ్‌లో ఎక్కువ భాగం రాగాల వారీగా అమర్చి ఉంటుంది, కబీర్ పదాలూ అందులో ఉన్నాయి. పాడగా వినకుండా ఆ అమరిక అర్థం కాదు.

చర్చకు ఒక్క నియమం చాలు: “మా మతంలో ఇలా” అనే బదులు “ఈ వచనంలో ఇలా ఉంది” అని నంబరు చూపించి మాట్లాడాలి. నమ్మేవాళ్లకూ నమ్మనివాళ్లకూ అదే వర్తిస్తుంది, మాస్టారికి కూడా.

పరీక్షలో ఏ గ్రంథం గొప్పదని అడగొద్దు. క్లాసులో చెప్పని పది వచనాలు ఇచ్చి, ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారు, ఏం చెప్పకుండా వదిలేశారు అని అడగండి.