విశాఖలో ఒంటరిగా, నిదానంగా నాలుగు రోజులు గడపడం ఎలా?

ఒంటరిగా ప్రయాణం కడతానంటే ఇంట్లో వచ్చే మొదటి ప్రశ్న “ఒక్కదానివే ఎందుకమ్మా?” అని. ఎవరి ఆకలికీ, ఎవరి అలసటకీ సర్దుకోనక్కర్లేని నాలుగు రోజులు దొరికితే మనసు కుదుటపడుతుంది, అందుకే వెళతాను. కానీ ఆ నాలుగు రోజుల్లోనే కైలాసగిరి, సింహాచలం, బొర్రా గుహలు, అరకు అన్నీ చుట్టేస్తే ఇంటికి తెచ్చుకునేది ఒళ్లు నొప్పులే. విశాఖలో నేను పాటించే పద్ధతి చెబుతాను.

1. జాబితాలో సగం కొట్టేయండి

రోజుకు ఒక్క చోటు చాలు. అరకు రైలు ప్రయాణానికి మరోసారి విడిగా రండి. డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు ఎండ నెమ్మదిగా ఉంటుంది. అక్టోబరు, నవంబరు తుపానుల కాలం. హుద్‌హుద్ తుపాను ఈ నగరాన్ని అతలాకుతలం చేసింది 2014 అక్టోబరు 12నే.

2. సముద్రానికి నడిచి వెళ్లగలిగే చోట దిగండి

రామకృష్ణా బీచ్, పాండురంగాపురం, చినవాల్తేరు పరిసరాలు అనువుగా ఉంటాయి. ఒక్కరికే గది ఇస్తారో లేదో ముందే ఫోను చేసి కనుక్కోండి. పగటిపూట ఊళ్లో దిగేలా టికెట్టు తీసుకోండి.

3. రోజూ ఒకే వేళకు, ఒకే చోటికి వెళ్లండి

అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. తెల్లవారుజామున బీచ్ రోడ్డులో కొంత భాగాన్ని వాహనాలు ఆపి నడిచేవారికి వదిలేస్తారు. అప్పుడు బయలుదేరి ఉత్తరం వైపు పెదజాలారిపేట దాకా నడవండి. అదృష్టం బాగుంటే జాలర్లు ఒడ్డు మీద నిలబడి అలివి వల, అంటే ఒడ్డు నుంచే లాగే పెద్ద వల, లాగుతూ కనిపిస్తారు.

నేను మొదటి రోజు అక్కడ చూసింది ఒక గుంపును, విన్నది కేకలను. రెండో రోజు నిలబడి చూస్తే పని తీరు అర్థమైంది. వల రెండు కొసల తాళ్లనూ రెండు బారులుగా పట్టుకుని, మడమలు ఇసుకలో తన్నిపెట్టి లాగుతారు. చిట్టచివరి మనిషి తాడు వదిలి, నీళ్ల దగ్గరికి నడిచి వెళ్లి, బారుకు ముందు నిలబడి మళ్లీ పట్టుకుంటాడు. అలా బారు కదులుతూనే ఉంటుంది, వల మాత్రం అంగుళం అంగుళంగా వస్తుంది. అంతసేపు లాగితే ఆ రోజు పడినవి రెండు గంపల నెత్తళ్లు. మూడో రోజు నేను ఫోను గదిలోనే వదిలి వెళ్లాను. అక్కడి టీ బండి ఆయన గ్లాసు అందిస్తూ “ఇవాళ కూడా పంచదార తక్కువేనా అమ్మా?” అన్నాడు. తెలియని ఊళ్లో ఒక మనిషి నన్ను గుర్తుపట్టాడు! ఆ రోజంతా ఆ మాటే నాకు తోడుగా ఉంది.

4. దూరం వెళ్లాలంటే సిటీ బస్సు ఎక్కండి

ఋషికొండ మీదుగా భీమిలి వెళ్లే 900కె బస్సులో కుడివైపు కిటికీ పక్కన కూర్చోండి. ఒక రోజు తొట్లకొండకు ఇవ్వండి. ఎండెక్కక ముందే, నీళ్ల సీసాతో కొండ ఎక్కాలి. సుమారు రెండు వేల ఏళ్ల కిందట బౌద్ధ భిక్షువులు ఉన్న చోటు అది. తవ్వకాల్లో రోమన్ వెండి నాణేలు కూడా దొరికాయి. వాననీటి కోసం రాతిలో తొలిచిన తొట్ల వల్లే ఆ పేరు. వానాకాలం మూడు నెలలు ఎక్కడికీ కదలకుండా ఒకే చోట ఉండాలన్నది భిక్షువుల నియమం. ఆ తొట్ల పక్కన కూర్చుని కింద సముద్రాన్ని చూస్తుంటే, అలా ఉండిపోవడానికి వాళ్లు ఈ కొండనే ఎందుకు ఎంచుకున్నారో అడగాలనిపించదు.

భీమిలిలో గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటు, పాత డచ్చి సమాధులు మరో రోజుకు సరిపోతాయి.

5. ఒంటరిగా తినడం అలవాటు చేసుకోండి

మొదటి పూట ఇబ్బందిగానే ఉంటుంది. సాయంత్రం బీచ్‌లో మురీ మిక్చర్ (మరమరాల మిక్చర్) పొట్లంతో మొదలుపెట్టండి, నడుస్తూ తినవచ్చు. హోటల్లో భోజనానికి కూర్చున్నప్పుడు ఫోను తీయకండి. పప్పులో వేసింది మామిడికాయో చింతకాయో తెలియాలి కదా!

6. జాగ్రత్తలు

అలలు నెమ్మదిగా కనిపించినా స్నానానికి దిగకండి. ఈ తీరంలో లోపలికి లాగేసే ప్రవాహాలు ఉంటాయి, రామకృష్ణా బీచ్‌లోనూ యారాడలోనూ ప్రాణాలు పోయిన సంఘటనలు చాలా ఉన్నాయి. రోజూ రాత్రి ఇంటికి ఒక ఫోను చేయండి. అత్యవసరమైతే 112.

మొదటి సాయంత్రం గదిలో దిగులు కమ్ముకుంటే భయపడకండి. పని, మాటలు, టీవీ ఒక్కసారిగా ఆగిపోతే అలాగే ఉంటుంది, చాలామందికి రెండో రోజుకు తేలికపడుతుంది. ఇంటి దగ్గరే వారాల తరబడి నిద్ర పట్టక, దేని మీదా ఆసక్తి లేక బాధపడుతున్నవారు మాత్రం ప్రయాణాన్నే మందు అనుకోకూడదు. ముందు వైద్యుణ్ణి కలవండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ నంబరు 14416కు ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

తిరుగు రైలు సాయంత్రానికి ఉండేలా చూసుకోండి. చివరి ఉదయానికి కొత్త చోటేదీ పెట్టుకోకుండా, మొదటి రోజు వెళ్లిన ఒడ్డుకే వెళ్లి, అదే బండి దగ్గర టీ తాగి రండి.