మీ వెబ్‌సైట్‌ను దివ్యాంగులూ వాడుకునేలా తీర్చిదిద్దడం ఎలా?

తిరుపతి రైల్వే స్టేషన్ దగ్గర చిన్న లాడ్జి నడుపుతున్నవారు గదుల బుకింగ్ కోసం వెబ్‌సైట్ పెట్టుకున్నారనుకుందాం. దాన్ని తెరిచేవారిలో చూపు లేని భక్తులు ఉంటారు, చేతులు వణకడం వల్ల మౌస్ పట్టుకోలేని పెద్దలు ఉంటారు, వీడియోలో మాటలు వినిపించని వారూ సన్నని అక్షరాలు కంటికి ఆనని వారూ ఉంటారు. తేదీ ఎంచుకునే చోటే వారు ఆగిపోతే, గది ఖాళీగా ఉన్నా అది వారికి దొరకదు. పక్కనున్నవారిని బతిమాలి పని చేయించుకోవాలి, ఆధార్ నంబరునూ ఫోన్‌కు వచ్చిన ఓటీపీనీ పరాయి చేతిలో పెట్టాలి. నాకు ఎక్కువ బాధ కలిగించేది ఈ చివరి విషయమే.

2011 జనగణన ప్రకారం మన దేశంలో దివ్యాంగులు 2.68 కోట్ల మంది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 2017 ఏప్రిల్ 19 నుంచి అమలులో ఉంది. కనురెప్పలు ఆర్పి చూపమని అడిగే డిజిటల్ కేవైసీ (ఖాతాదారు గుర్తింపు తనిఖీ) వల్ల యాసిడ్ దాడి బాధితులూ చూపు లేనివారూ పడుతున్న ఇబ్బందులపై వచ్చిన పిటిషన్లలో సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్ 30న తీర్పు చెబుతూ, డిజిటల్ సేవలను అందుకోవడం రాజ్యాంగం 21వ అధికరణలోని జీవించే హక్కులో భాగమేనని స్పష్టం చేసింది. సాంకేతికంగా అనుసరించవలసిన ప్రమాణం డబ్ల్యూసీఏజీ, అంటే వెబ్‌సైట్లను అందరూ వాడుకునేలా ఉంచడానికి రాసిన మార్గదర్శకాలు. వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్షియం రూపొందించిన దీని 2.2 సంచిక 2023 అక్టోబరులో వెలువడింది. ఇందులో కింది నుంచి పైకి ఏ, డబుల్ ఏ, ట్రిపుల్ ఏ అనే మూడు స్థాయులున్నాయి. మామూలు సైట్‌కు డబుల్ ఏ స్థాయిని లక్ష్యంగా పెట్టుకోవడం సరైనది.

మొదట మౌస్ పక్కన పెట్టండి

ఏ మార్పూ చేయకముందు మీ సైట్‌ను మీరే పరీక్షించాలి. మౌస్ తీసేసి, ట్యాబ్ మీటతో ముందుకు, షిఫ్ట్‌తో కలిపి ట్యాబ్ నొక్కి వెనక్కి, ఎంటర్‌తో లోపలికి వెళ్తూ, ఒక గదిని మొదటి నుంచి చివరిదాకా బుక్ చేసి చూడండి. ప్రతి అడుగులోనూ ఇప్పుడు ఎక్కడున్నామో తెలిపే గీత తెరపై కనిపించాలి. అందంగా లేదని ఆ గీతను డిజైనర్లు తీసేస్తుంటారు; దాన్ని తిరిగి పెట్టించండి. తేదీలు చూపే క్యాలెండర్ చాలా సైట్లలో మౌస్‌కు మాత్రమే లొంగుతుంది. అలాంటప్పుడు తేదీని టైపు చేసే వీలు కూడా కల్పించాలి. పైకి తేలి వచ్చే చిన్న పెట్టె ఎస్కేప్ మీటతో మూసుకుపోవాలి, మూసుకున్నాక పాఠకుణ్ణి అంతకుముందున్న చోటికే చేర్చాలి.

తరువాత కళ్లు మూసుకుని వినండి

చూపు లేనివారు తెర మీది అక్షరాలను బయటికి చదివి వినిపించే స్క్రీన్ రీడర్ సాయంతో సైట్లు వాడతారు. విండోస్ కంప్యూటర్‌కు ఎన్‌వీడీఏ ఉచితంగా దొరుకుతుంది. చూపు లేని ఆస్ట్రేలియా ప్రోగ్రామర్ మైఖేల్ కరన్ దీన్ని 2006లో మొదలుపెట్టారు, చూపు లేని మరో ప్రోగ్రామర్ జేమ్స్ టె ఆయనతో చేతులు కలిపారు. ఆండ్రాయిడ్ ఫోన్లలో టాక్‌బ్యాక్, ఐఫోన్లలో వాయిస్‌ఓవర్ ముందే ఉంటాయి. వీటిలో ఏదో ఒకటి ఆన్ చేసి, తెర వైపు చూడకుండా మీ సైట్‌ను వినండి.

తెలుగు సైట్ల అసలు కష్టం ఇక్కడే బయటపడుతుంది. పేజీ ఏ భాషలో ఉందో, ఆ పేజీని తయారుచేసే హెచ్‌టీఎంఎల్ కోడ్ మొదట్లో చెప్పాలి. తెలుగుకు ఇచ్చే గుర్తు 'టీ', 'ఈ' అనే రెండు ఇంగ్లిష్ అక్షరాలు. ఈ గుర్తు లేకపోయినా, తయారుచేసినవారు ఇంగ్లిష్ అని వదిలేసినా, స్క్రీన్ రీడర్ తెలుగు మాటలను ఇంగ్లిష్ గొంతుతో పలకబోయి తడబడుతుంది, లేదా వదిలేసి ముందుకు పోతుంది. పేజీ మధ్యలో ఒక పేరా ఇంగ్లిష్‌లో ఉంటే ఆ పేరాకు వేరే గుర్తు పెట్టాలి.

దీనికన్నా పెద్ద చిక్కు అచ్చుపని కోసం వాడే పాత డీటీపీ ఫాంట్లది. అను వంటి ఫాంట్లలో కూర్చిన కరపత్రాన్ని అలాగే పీడీఎఫ్ చేసి సైట్‌లో పెడితే, కంటికి చక్కని తెలుగు కనిపిస్తుంది గానీ దాని లోపల ఉండేవి ఇంగ్లిష్ అక్షరాల, చిహ్నాల సంకేతాలే. స్క్రీన్ రీడర్ వాటిని అర్థంలేని చప్పుళ్లుగా చదువుతుంది. స్కాన్ చేసి పెట్టిన కాగితమైతే అసలు చదవదు. కాబట్టి పాఠ్యాన్ని యూనికోడ్‌లోకి, అంటే ప్రతి తెలుగు అక్షరానికీ సొంత సంకేతం ఉన్న పద్ధతిలోకి మార్చి, ఒకసారి మనిషి చేత దిద్దించి, వీలైతే పీడీఎఫ్‌గా కాక మామూలు వెబ్ పేజీగానే పెట్టాలి. ఇది శ్రమతో కూడిన పనే. కానీ తెలుగు సైట్ విషయంలో ఇన్ని మార్పుల్లో ఒక్కటే చేయగలమంటే నేను దీన్నే ఎంచుకుంటాను.

శీర్షికలు, లింకులు

అక్షరాలను లావుగా, పెద్దగా చేసినంత మాత్రాన అది శీర్షిక కాదు. కోడ్‌లో దాన్ని శీర్షికగా గుర్తించాలి. అప్పుడు ఎన్‌వీడీఏ వాడేవారు 'హెచ్' మీట నొక్కుతూ ఒక శీర్షిక నుంచి మరో శీర్షికకు దూకగలుగుతారు. లింకులన్నిటినీ ఒక జాబితాగా రప్పించుకునే అలవాటు కూడా వారికి ఉంటుంది. ఆ జాబితాలో పదిసార్లు 'ఇక్కడ క్లిక్ చేయండి' అని వినిపిస్తే దేనికోసమో ఎలా తెలుస్తుంది? 'గదుల అద్దె వివరాలు' అని రాయండి.

బొమ్మలకు మాటలు

ప్రతి చిత్రానికీ ఆల్ట్ టెక్స్ట్ అనే వివరణ జోడించాలి. చిత్రం అక్కడ ఎందుకుందో ఆలోచించి దాన్ని రాయాలి. శ్రీకాళహస్తి కలంకారీ వస్త్రాలు అమ్మే సైట్‌లో 'చీర ఫోటో' అంటే కొనేవారికి ఏమీ తెలియదు. 'లేత గోధుమరంగు నూలు చీర, అంచు పొడవునా నల్లని గీతలతో చేత్తో గీసిన నెమళ్లు, కొంగుపై ఎర్రని జీవవృక్షం' అంటే చీర మనసులో రూపుకడుతుంది. చిత్తూరు మామిడి రైతుల కోసం తోతాపురి ధరల పట్టికను ఫోటో తీసి పెట్టడం ఇంకో పొరపాటు. ఒక్క వాక్యం వివరణ దానికి చాలదు, ఆ అంకెలను నిజమైన పట్టికగా టైపు చేయాలి. అలంకారం కోసం పెట్టిన పూలతీగకు మాత్రం ఆల్ట్‌ను ఖాళీగా ఉంచండి. ఆల్ట్‌నే పెట్టకుండా వదిలేస్తే కొన్నిసార్లు ఫైల్ పేరే చెవిలో పడుతుంది.

ఫారాలు

పేరు, ఫోన్ నంబరు, చేరే తేదీ అడిగే ప్రతి గడికీ విడిగా లేబుల్ ఉండాలి. గడిలో లేత రంగులో కనిపించి, టైపు చేయగానే మాయమయ్యే సూచన లేబుల్‌కు బదులు కాదు. తప్పు జరిగితే గడి చుట్టూ ఎరుపు చూపి ఊరుకోకుండా, 'పిన్‌కోడ్‌లో 6 అంకెలు ఉండాలి' అని మాటల్లో చెప్పాలి. ఫారం నింపడానికి గడువు పెడితే, అది ముగిసేముందు హెచ్చరించి, పొడిగించుకోవడానికి కనీసం 20 సెకన్లు ఇవ్వాలి. వంకర అక్షరాల బొమ్మను చూసి టైపు చేయమనే క్యాప్చా చూపు లేనివారి ముందు తలుపు మూయడమే. అది లేకుండా చూడండి.

రంగులు, అక్షరాలు

మామూలు అక్షరాలకూ వాటి వెనకనున్న రంగుకూ మధ్య వెలుగు తేడా (కాంట్రాస్ట్) కనీసం 4.5:1, పెద్ద అక్షరాలకు 3:1 ఉండాలి. ఈ నిష్పత్తిని లెక్కగట్టే ఉచిత పనిముట్లు నెట్‌లో ఉన్నాయి. మన ప్రాంతపు సైట్లలో పసుపు మీద ఎరుపు శుభమని తరచుగా వాడతారు. స్వచ్ఛమైన పసుపుపై స్వచ్ఛమైన ఎరుపుకు ఈ నిష్పత్తి దాదాపు 3.7:1 మాత్రమే. పసుపును అలాగే ఉంచి, ఎరుపును కుంకుమకన్నా బాగా ముదురు చేస్తే నిష్పత్తి 9:1 దాటుతుంది, పసుపూ ఎరుపూ రెండూ నిలుస్తాయి.

వరుసల మధ్య ఎడం తక్కువైతే తెలుగులో పై వరుస వత్తులు కింది వరుస గుడులకు తగులుతాయి. అందుకని ఎడాన్ని అక్షరం ఎత్తుకు ఒకటిన్నర రెట్లకు తగ్గించకండి. పేజీని 200 శాతానికి, అంటే రెండింతలకు, పెద్దది చేసినా ఏ మాటా తెగిపోకూడదు. బటన్లు కనీసం 24 పిక్సెళ్ల పొడవు, వెడల్పు ఉండాలి. వేళ్లు వణికేవారికి అంతకన్నా పెద్దవి మేలు.

కదిలేవి, వినిపించేవి

5 సెకన్లకు మించి దానంతట అదే జరిగే అక్షరాల పట్టీకి ఆపే బటన్ పెట్టాలి. సెకనుకు 3 సార్లకు మించి ఏదీ మెరవకూడదు, మెరుపులు కొందరిలో మూర్ఛను రేపుతాయి. వీడియోలకు క్యాప్షన్లు, అంటే మాటలను తెరపై చూపే అక్షరాలు, ఇవ్వండి. యంత్రం తయారుచేసిన తెలుగు క్యాప్షన్లలో ఊళ్ల పేర్లు, మనుషుల పేర్లు మారిపోతుంటాయి కనుక వాటిని దిద్దాకే ప్రచురించాలి.

చివరగా, వాడేవారి ముందు పెట్టండి

వేవ్, లైట్‌హౌస్ వంటి ఉచిత పరీక్షలు ఆల్ట్ లేని చిత్రాన్ని పట్టుకుంటాయి, ఉన్న ఆల్ట్‌లో రాసింది నిజమో కాదో చెప్పలేవు. ఒక చిన్న గుర్తు తగిలిస్తే సైట్ మొత్తం బాగుపడుతుందని అమ్మే పైపూత పనిముట్లను నమ్మి డబ్బు పెట్టకండి, కోడ్‌లోని లోపం కోడ్‌లోనే ఉండిపోతుంది. రోజూ స్క్రీన్ రీడర్ వాడే ఒకరిని, మౌస్ వాడలేని ఒకరిని పిలిచి, వారి సమయానికి తగిన రుసుము చెల్లించి, మీ సైట్‌లో గది బుక్ చేయమని అడగండి. వారు ఆగినచోట సాయం చేయాలనిపిస్తుంది, చేయకండి. ఎక్కడ ఆగారో, ఏ మాట విని వెనక్కి తిరిగారో రాసుకోండి. ఆ కాగితమే మీ తర్వాతి పనుల జాబితా.