ఫుట్‌బాల్ రిఫరీగా నిలబడాలంటే ఒంటిని ఎలా సిద్ధం చేసుకోవాలి?

అలసిన ఆటగాణ్ణి మార్చుకునే వీలు జట్టుకు ఉంటుంది కానీ, గాయపడితే తప్ప రిఫరీకి ఆ వెసులుబాటు లేదు. పైస్థాయి మ్యాచ్‌లో రిఫరీ 90 నిమిషాల్లో సుమారు 10 నుంచి 12 కిలోమీటర్ల దూరం తిరుగుతాడు. నిజానికి కష్టం ఆ దూరంలో లేదు. నడక, జాగింగ్, వెనక్కి పరుగు, పక్కకు అడుగులు, ఉన్నట్టుండి పూర్తి వేగం, ఇవన్నీ ఏ వరుసా లేకుండా వచ్చిపడటంలో ఉంది. అందుకే రోజూ ఒకే వేగంతో ఐదు కిలోమీటర్లు పరుగెత్తి సిద్ధమయ్యామనుకునే కొత్త రిఫరీలు ఇరవై నిమిషాలకే ఆయాసపడతారు.

కార్నర్ కిక్‌నే చూడండి. పెనాల్టీ ఏరియా అంచున నిలబడి మీరు తోపులాటను గమనిస్తూ ఉంటారు. గోల్‌కీపర్ బంతిని అందుకుని వెంటనే దూరంగా విసురుతాడు. మీ వెనుక ఇద్దరు ఫార్వర్డ్‌లు అప్పటికే పరుగందుకున్నారు. నిలబడిన చోటి నుంచి వెనుదిరిగి, 60, 70 మీటర్లు వాళ్లను వెంటాడి, అవతలి గోల్ ముందు ఫౌల్ జరిగిందో లేదో చెప్పాలి. ఊపిరి అందని స్థితిలో విజిల్ కూడా సరిగా మోగదు, పైగా దూరం నుంచి ఇచ్చిన నిర్ణయం సరైనదైనా ఆటగాళ్లు నమ్మరు.

అంతర్జాతీయ పురుష రిఫరీలకు చాలా ఏళ్లుగా వాడుకలో ఉన్న ఫిఫా పరీక్ష ఈ తీరునే అనుసరిస్తుంది. మొదట 40 మీటర్ల దూరాన్ని ఆరుసార్లు, ప్రతిసారీ 6 సెకన్లలోపు పరుగెత్తాలి. ఆ తర్వాత 75 మీటర్లు 15 సెకన్లలో పరుగు, 25 మీటర్లు నడక, ఇలా 40 సార్లు, అంటే 400 మీటర్ల ట్రాక్‌పై పది చుట్లు.

కొత్తవారు ఇదే నమూనాను తేలిక చేసుకుని మొదలుపెట్టవచ్చు. 75 మీటర్లకు 20 సెకన్లు తీసుకుని, 25 మీటర్లు తీరిగ్గా నడిచి, పదిసార్లతో ఆపండి. ముందు సార్ల సంఖ్యను పెంచండి, వేగాన్ని ఆ తర్వాతే పెంచండి. ఈ క్రమాన్ని తారుమారు చేసినవారికే ఎక్కువగా తొడ వెనుక కండరం పట్టేస్తుంది. వారంలో ఒక రోజు దీనికి, ఒక రోజు పొట్టి పరుగులకు, మరో రోజు వెనక్కి, పక్కకు కదిలే సాధనకు కేటాయిస్తే చాలు. వెనక్కి పరుగెత్తేటప్పుడు ముని పాదాలపైనే బరువు ఉంచాలి. మడమలపై వాలితే పడిపోతారు.

కండరాల బలాన్ని చాలామంది నిర్లక్ష్యం చేస్తారు. మోకాళ్లపై నిలబడి, మరొకరిచేత చీలమండలను గట్టిగా పట్టించుకుని, నడుము వంచకుండా మెల్లగా ముందుకు వాలే వ్యాయామం తొడ వెనుక భాగాన్ని గట్టిపరుస్తుంది. పిక్కల కోసం ఒంటికాలిపై మడమ ఎత్తి దించడం సరిపోతుంది.

పక్క గీత వెంట జెండాతో ఉండే అసిస్టెంట్ రిఫరీ తిరిగే దూరం తక్కువే అయినా, చివరి నుంచి రెండో డిఫెండర్‌కు సమానంగా ఉండేందుకు మైదానం వైపే ముఖం పెట్టి పక్కకు కదులుతూ, క్షణంలో పూర్తి వేగం అందుకోవాలి. కాబట్టి వారు గజ్జల దగ్గరి కండరాలపై ప్రత్యేక శ్రద్ధ పెట్టాలి.

మ్యాచ్‌కు ముందు రెండు రోజులు కఠిన సాధన వద్దు. భోజనం మూడు గంటల ముందే ముగించి, మైదానంలో పదిహేను నిమిషాలకు తగ్గకుండా వార్మప్ చేయండి. విరామంలో నీళ్లు తాగి కూర్చోవడంలో తప్పులేదు కానీ, పదిహేను నిమిషాలూ కూర్చుంటే కాళ్లు బిగుసుకుపోతాయి. ఆటగాళ్లకంటే రెండు నిమిషాలు ముందే బయటికి వచ్చి, మధ్య గీత వెంట నెమ్మదిగా రెండుసార్లు పరుగెత్తి, ఆ తర్వాతే రెండో అర్ధభాగానికి విజిల్ ఊదండి.