లడ్డూలు ముందే తినేసినవాళ్లు ‘మాయాబజార్’ చూడటం ఎలా

‘వివాహ భోజనంబు’ పాట నోటికి వచ్చు. లడ్డూలు వాటంతటవే ఎగిరొచ్చి ఘటోత్కచుడి నోట్లో పడటం వందసార్లు చూశారు. స్నేహితుల గ్రూపులో ఎవరైనా మంచి మాట అంటే ‘వీరతాడు’ మీమ్ పెట్టేది మీరే. కానీ సినిమా మాత్రం టైటిల్స్ నుంచి చివరిదాకా ఒక్కసారీ కూర్చుని చూడలేదు. తెలుగిళ్లలో ఇలాంటివాళ్లు కొల్లలు, ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. 1957 మార్చి 27న విడుదలైన సినిమా అప్పటి నుంచీ ముక్కలు ముక్కలుగా మన ముందుకు వస్తూనే ఉంది. జంధ్యాల ఈ పాటల పల్లవులనే తన సినిమాలకు పేర్లుగా పెట్టుకున్నారు: 1987లో ‘అహ నా పెళ్లంట’, 1988లో ‘వివాహ భోజనంబు’. 2018లో ‘మహానటి’ సావిత్రి నాట్యాన్ని మళ్లీ తెరకెక్కించింది. ఇక మిమిక్రీ వేదికల మీద ఎస్వీ రంగారావు గొంతు వినని తెలుగువాడు ఉండడు.

ఇన్ని చూశాక అసలు సినిమా పెడితే జరిగేది ఒకటే. మొదటి గంట ఫోను చూసుకుంటారు, లడ్డూల దగ్గర తలెత్తుతారు, ‘బాగానే ఉంది’ అనుకుని లేచిపోతారు. కథ ముందే తెలియడం వల్లే ఇలా అవుతుందని చాలామంది అంటారు. అది నిజం కాదు. 1957లో హాలుకు వెళ్లినవాళ్లకూ కథ తెలుసు. శశిరేఖా పరిణయాన్ని సురభి నాటకాల్లో చూసినవాళ్లు వాళ్లు. 1936లో పి.వి. దాస్ దర్శకత్వంలో ఇదే కథ ఒకసారి తెరకెక్కింది కూడా. వాళ్లకు కథ వరుసగా తెలుసు, మనకు తునకలుగా తెలుసు, అంతే తేడా. కాబట్టి తెలిసినదాన్ని మరిచిపోవడానికి ప్రయత్నించకండి. ఏ తునక ఎక్కడిదో, ఎవరి నోటిదో కనిపెడుతూ చూడండి.

ముందు, ఏ ప్రతి చూడాలన్న సంగతి. నలుపు తెలుపు సినిమా నిడివి దాదాపు 184 నిమిషాలు. ప్లే నొక్కేముందు ఆ అంకె చూసుకోండి. రెండున్నర గంటలే చూపిస్తోందంటే ఎవరో పాటలో పద్యాలో కోసేశారన్నమాట, దాన్ని వదిలేయండి. 2010 జనవరి 30న హైదరాబాద్‌కు చెందిన గోల్డ్‌స్టోన్ టెక్నాలజీస్ రంగులద్ది విడుదల చేసిన ప్రతి కూడా అసలు కంటే చిన్నదే. పిల్లల్ని కూర్చోబెట్టడానికి అది పనికొస్తుంది. మొదటిసారి చూసే పెద్దవాళ్లు మాత్రం నలుపు తెలుపే చూడాలి. ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్‌ట్లే వెలుగునీడలను నలుపు తెలుపుల కోసమే లెక్కగట్టాడు. ‘లాహిరి లాహిరి’ పాటలో నీళ్ల మీది వెన్నెలను రెండు ప్రతుల్లోనూ పక్కపక్కన పెట్టి చూడండి. రంగులద్దినచోట అది నీలిరంగు పూతలా తేలిపోతుంది.

టీవీలో సరిచేయాల్సినవి నాలుగున్నాయి. అప్పటి సినిమా బొమ్మ దాదాపు 4:3 కొలతలో ఉంటుంది, తెరకు అటూ ఇటూ నల్లపట్టీలు రావడం సహజం. ఆ పట్టీలు బాగాలేవని ‘ఫుల్’, ‘జూమ్’ నొక్కితే మనుషులు పొట్టిగా లావుగా సాగిపోతారు, లేదా కిరీటాలు తెగిపోతాయి. కొన్ని వీడియోలను పెట్టినవాళ్లే సాగదీసి పెడతారు. అనుమానం వస్తే రథచక్రం కనిపించేచోట ఆపి చూడండి, అది కోడిగుడ్డులా ఉంటే ఇంకో ప్రతి వెతుక్కోండి. రెండోది, కదలికను నునుపు చేసే సదుపాయం. సోనీలో మోషన్‌ఫ్లో, ఎల్‌జీలో ట్రూమోషన్ అని ఉంటుంది. దాన్ని తీసేయకపోతే సినిమా కాస్తా సీరియల్‌లా కనిపిస్తుంది, మాయలు చేసే షాట్లలో బొమ్మ అంచుల దగ్గర చెదురుతుంది కూడా. మూడోది, ‘వివిడ్’ మోడ్ వద్దు, ‘సినిమా’ లేదా ‘మూవీ’ పెట్టి షార్ప్‌నెస్ బాగా తగ్గించండి. షార్ప్‌నెస్ పెంచితే ముఖాలకు బదులు ఫిల్ము మీది ఇసుక కనిపిస్తుంది. నాలుగోది శబ్దం. అసలు సౌండ్ మోనో. సౌండ్‌బార్‌లో సరౌండ్ మోడ్ ఆపి, మాటలను పైకి తెచ్చే ‘వాయిస్’ మోడ్ ఉంటే పెట్టండి, బాస్ తగ్గించండి. పింగళి నాగేంద్రరావు మాటల్లో ఒక్క అక్షరం జారినా హాస్యం జారిపోతుంది. ఆ మాటకొస్తే, 1.25 వేగంతో చూసే అలవాటు ఉన్నవాళ్లు ఈ మూడు గంటలూ దాన్ని మానుకోవాలి.

చుట్టరికాలు ముందే సరిచూసుకోండి. మీమ్‌లలో కనిపించనివి ఇవే, కథంతా నడిచేది వీటి మీదే. బలరామకృష్ణుల చెల్లెలు సుభద్ర, ఆమె కొడుకు అభిమన్యుడు. బలరాముడు, రేవతిల కూతురు శశిరేఖ. అంటే అభిమన్యుడికి మేనమామ కూతురు, చిన్నప్పుడే ఇస్తామని మాట అయిన మేనరికం. పాండవులు జూదంలో రాజ్యం పోగొట్టుకోగానే రేవతి మనసు మారుతుంది. దుర్యోధనుడి కొడుకు లక్ష్మణ కుమారుడి సంబంధం ఖాయమవుతుంది. భీముడికీ హిడింబకూ పుట్టిన ఘటోత్కచుడు అభిమన్యుడికి అన్న వరస. ఇంత చిక్కుకు కారణమైన పాండవులు సినిమాలో అసలు కనిపించరు. మొదటిసారి చూసేవాళ్లు ‘భీముడెప్పుడొస్తాడు’ అని ఎదురుచూసి విసుగెత్తకుండా ఈ సంగతి ముందే చెప్పడం మంచిది.

ఇప్పుడు ఒక కాగితం తీసుకుని, ఈ సినిమాలోవని మీకు తెలిసినవన్నీ రాయండి. ఐదు నిమిషాల పని. ప్రతిదాని పక్కన రెండు ప్రశ్నలు వేసుకోండి: ఈ మాట ఎవరిది, అప్పుడు కథలో ఏం జరుగుతోంది? చాలావాటికి మీ దగ్గర జవాబు ఉండదు. ఉన్నా తప్పే కావచ్చు. ‘అహ నా పెళ్లంట’నే తీసుకోండి. పెళ్లిళ్ల వీడియోల్లో పెళ్లికూతుళ్లు దానికి నాట్యం చేస్తుంటారు. సినిమాలో ఆ పాట పాడేది పెళ్లికూతురు కాదు. శశిరేఖ రూపంలో ఉన్న ఘటోత్కచుడు. అసలు శశిరేఖను అప్పటికే పడకతో సహా దాటించేశాడు. అందుకే పాటలో పి. సుశీల గొంతుతో పాటు ఘంటసాల గొంతూ వినిపిస్తుంది. సావిత్రి ఒకే ఒంట్లో ఆడపిల్లనూ, ఆ వేషం ఎక్కడ జారిపోతుందోనని చూసుకునే రాక్షసుడినీ నటించింది. పాట మొత్తం చూసినా ఈ సంగతి తెలియకపోతే సగమే చూసినట్టు.

‘వివాహ భోజనంబు’ కూడా అంతే. హోటల్ బోర్డుల మీద, పెళ్లి వంటల ప్రకటనల్లో అది విందు పాట. సినిమాలో అది మగపెళ్లివారి కోసం వండిన వంటలను, వాళ్లు ముట్టకముందే ఎదుటి పక్షంవాడు ఒంటరిగా కూర్చుని ఖాళీ చేసే పాట. మాధవపెద్ది సత్యం నవ్వు కలిపి పాడిన ఆ గొంతులో ఆకలి ఎంతుందో దొంగతనం చేస్తున్న సంబరమూ అంతే ఉంది. దాని వెనక కౌరవుల మనుషులు శర్మ, శాస్త్రులు ఎందుకు అక్కడికి వచ్చారో, ముందు ఏం కావాలని అడిగారో తెలిశాక లడ్డూలకు రుచి వస్తుంది.

మాటల సంగతి కొంచెం నిదానంగా చూడాలి. ‘అసమదీయులు, తసమదీయులు’ అని రాజకీయ వ్యాసాల్లో చదివే ఉంటారు. సంస్కృతంలో ‘అస్మదీయులు’ అంటే మనవాళ్లు. రమణారెడ్డి వేసిన చినమయ రాక్షస శిష్యులకు పాఠం చెబుతుంటే, ఒత్తులు పలకని నోళ్లలో అది ‘అసమదీయులు’ అయింది. ఆ జోరులోనే ఎదుటివాళ్లకు ‘తసమదీయులు’ పుట్టింది. గురువు తప్పు పట్టబోతే ఘటోత్కచుడు అడ్డుపడి, మాటలు ఎవరో ఒకరు పుట్టించకపోతే ఎలా పుడతాయని తేల్చేసి వీరతాడు వేయిస్తాడు. తెలుగులో పదాల పుట్టుక మీద ఇంత హాయిగా నడిచిన సన్నివేశం ఇంకొకటి లేదు. మీమ్‌లో మిగిలింది తాడు మాత్రమే. కంబళికి ‘గింబళి’, తల్పానికి ‘గిల్పం’ కూడా ఇలా పుట్టినవే. సినిమాలో అవి వట్టి మాటలు కావు, విడిది ఇంట్లో అతిథుల పని పట్టే మాయ వస్తువులు. కాబట్టి పేరు వినగానే నవ్వి ఊరుకోకండి, ఆ వస్తువు తర్వాత ఎక్కడ పనిచేస్తుందో చూడండి.

చూసేటప్పుడు ఎక్కువమంది జారిపోయేది మొదటి గంటలోనే. ఘటోత్కచుడు గంట దాటాక గానీ రాడు. మీకు తెలిసినవి చాలావరకు అతని చుట్టూ ఉన్నవే కాబట్టి అప్పటిదాకా ఏమీ జరగనట్టు అనిపిస్తుంది. ఆ గంటలో పట్టుకోవాల్సింది ‘ప్రియదర్శిని’ పెట్టె. దాన్ని ల్యాప్‌టాప్ అనీ వీడియో కాల్ అనీ జోకులు వేస్తారు. అసలు దాని పని, చూసేవాళ్లకు అత్యంత ప్రియమైనదాన్ని చూపించడం. శశిరేఖకు అభిమన్యుడు కనిపిస్తాడు. రేవతికి నగలు కనిపిస్తాయి. బలరాముడికి ఎవరు కనిపించారో, కృష్ణుడికి ఎవరు కనిపించారో మీరే చూడండి. తర్వాత ఎవరు ఎందుకు మాట తప్పారో మరొకరు చెప్పనక్కర్లేదు. ‘లాహిరి లాహిరి’లో కూడా క్లిప్పులు సాధారణంగా మొదటి జంట దగ్గరే ఆగిపోతాయి. మొత్తం చూస్తే ఆ పడవ పిల్లలను దాటి పెద్దల జంటల దాకా వెళ్తుంది. అంత కోపిష్టి బలరాముడు, అంత గీర ఉన్న రేవతి వెన్నెల్లో ఎలా మెత్తబడ్డారో చూశాక, రేపు వాళ్లే పెళ్లి చెడగొడితే మనకు గుచ్చుకుంటుంది.

విరామం కావాలంటే సుభద్ర, అభిమన్యుడు ద్వారక వదిలి బయల్దేరేచోట ఆపండి. రెండు రాత్రులుగా చూసేవాళ్లకు కూడా అదే సరైన చోటు. పాట మధ్యలోనో విందు ముందో ఆపితే మళ్లీ మొదలుపెట్టినప్పుడు తునకలుగా చూసినట్టే ఉంటుంది. తర్వాత భాగంలో ఘటోత్కచుడు మొదటిసారి కనిపించినప్పుడు మిమిక్రీలో విన్న నవ్వు కోసం కాచుకోకండి. ఎదురైనవాళ్లు ఎవరో తెలియక తలపడి, తెలిశాక పినతల్లి సుభద్ర ముందు ఒదిగిపోయే కొడుకుని చూడండి. అనుకరించేవాళ్లు గదనూ గర్జననూ పట్టుకున్నారు గానీ రంగారావు గొంతులోని ఆ మెత్తదనం ఎవరికీ చిక్కలేదు.

ఇంటిల్లిపాదీ కలిసి చూస్తుంటే ఒక్క నియమం పెట్టుకోండి: డైలాగ్ తెర మీద కంటే ముందు ఎవరూ అనకూడదు. తాతయ్యలకు ఇది కష్టం. వాళ్లకు పాటలతో గొంతు కలిపే హక్కు ఇస్తే రాజీ కుదురుతుంది. తెలుగు అంతగా రాని పిల్లలుంటే పైన చెప్పిన చుట్టరికాలను ముందు రోజే కథలా చెప్పండి, సినిమా నడుస్తుండగా వివరించవద్దు. ‘ఈ గ్రాఫిక్స్ ఎలా చేశారు’ అని పిల్లలు అడిగితే కంప్యూటర్ లేదనీ, కెమెరాతోనూ చిన్న బొమ్మ ఇళ్లతోనూ చేశారనీ చెప్పండి. ద్వారక నగరం కోసం 50 అడుగులకు 60 అడుగుల జాగాలో సుమారు 300 బుల్లి ఇళ్లు కట్టారు. సినిమా అయ్యాక ఆ షాట్లను ఆపి ఆపి చూపిస్తే వాళ్లకు అదో ఆట. ఇంకో సంగతి, 2013లో ఒక ఛానల్ పెట్టిన ఓటింగ్‌లో ఇది భారతదేశపు అతిగొప్ప సినిమాగా నిలిచిందని ముందే ఊదరగొట్టకండి. కిరీటం పెట్టి చూపిస్తే పిల్లలు తప్పులు వెతుకుతారు.

చివరి అరగంటలో ఫోన్లు పక్క గదిలో పెట్టండి. ఒకచోట అసలు పెళ్లి, ఇంకోచోట ఉత్తుత్తి పెళ్లి సమాంతరంగా నడుస్తుంటాయి. రెండింటికీ పెళ్లికూతురు సావిత్రే. రేలంగి వేసిన లక్ష్మణ కుమారుడి వెక్కిరింతలు, భయాలు మీమ్‌ల ద్వారా మీకు తెలుసు. కాబట్టి అతని ముఖాన్ని వదిలేసి పక్కనే ఉన్న సావిత్రిని చూడండి. సభకు సిగ్గుపడే వధువులా, అతనికి మాత్రం రాక్షసుడిలా కనిపిస్తుంటుంది. ఆ తర్వాత, ఎక్కినవాళ్ల నోట నిజమే పలికించే సత్యపీఠాన్ని శకుని ఎక్కేచోట సి.ఎస్.ఆర్. ఆంజనేయులు గొంతు ఎలా మారుతుందో గమనించండి.

సినిమా అయిన మర్నాడు ఆ కాగితం మళ్లీ తీయండి. ఖాళీగా వదిలిన జవాబులు నింపండి, తప్పు రాసినవి కొట్టేయండి. ఆ తర్వాత పాత స్పూఫులు, మీమ్‌లు ఒకసారి చూడండి. వాటిలో కొన్ని అప్పటికంటే ఎక్కువ నవ్విస్తాయి, కొన్ని చప్పబడతాయి. రంగుల ప్రతి చూడాలనుంటే ఇప్పుడు చూడండి. ఏయే పాటలు, పద్యాలు తగ్గాయో మీకే తెలిసిపోతుంది.