ఫ్రెంచి నవల పైకి చదువుదాం, 6వ పాఠం: మింగకూడని ఎస్

పోయిన పాఠంలో “మాట చివర హల్లు కనిపిస్తే మింగేయండి” అన్నాను. మింగేశారు. మీరు పంపిన ఆడియోల్లో సగానికి పైగా ‘ఆతో, పోర్తో, అరామీ’ అనే వినిపించింది. తప్పు నాదే, మనం చదివే ‘త్రీ మస్కెటీర్స్’ నవలలోని ముగ్గురు మస్కెటీర్ల (రాజుగారి తుపాకీ దళం సైనికుల) పేర్లు ముందే పక్కన పెట్టాల్సింది. ఈసారి మొదటి పేజీ చదువుదామనుకున్నాను గానీ, అది వాయిదా.

ఆతోస్, పోర్తోస్, అరామీస్. మూడింట్లోనూ చివరి ఎస్ పలుకుతుంది. వింతేమిటంటే, వీళ్లని సృష్టించిన రచయిత పేరులో అది పలకదు. ఆయన ‘ద్యుమా’, ‘డ్యూమాస్’ కాదు. పారిస్‌ని వాళ్లు ‘పారీ’ అంటారు, అరామీస్‌ని మాత్రం ‘అరామీ’ అనరు. సూత్రం అడక్కండి. ఈ పేర్ల వెనక నైరుతి ఫ్రాన్సులోని బేఆర్న్ ప్రాంతపు అసలు మనుషులున్నారు, అటువైపు ఊరి పేర్ల చివర ఎస్ పలకడం మామూలే. నేనైతే ఇలాంటి పేర్ల కింద పెన్సిల్‌తో తెలుగులో ‘స్’ రాసుకుంటాను. అలా రాసుకోకూడదని మాస్టర్లు తిడతారు. తిట్టనివ్వండి.

ఆతోస్, పోర్తోస్ పేర్లలో ఉన్న ‘టీహెచ్’ గురించి చెప్పక్కర్లేదు. లత పేరుని ఇంగ్లిష్‌లో రాసేవాళ్లకి అది ‘త’ అని తెలుసు.

ఇక నాకు ఒళ్లు మండే విషయం: నవల కథానాయకుణ్ని ‘డార్టగ్నన్’ అనడం. దయచేసి ఆపండి. జీ, ఎన్ పక్కపక్కనుంటే ‘గ్న’ కాదు, ‘న్య’. ధాన్యంలో న్య. లజానియా తింటారుగా, ఇటాలియన్ మాటే అయినా అందులోనూ అదే జీ, అదే ఎన్. ‘లసగ్న’ అని ఆర్డర్ చేస్తారా? కొన్యాక్ సీసా మీదా అదే జంట. షాంపేన్‌ని వాళ్లు ‘షాఁపాన్య్’ అంటారు. స్పెయిన్ ‘ఎస్పాన్య్’. జర్మనీ ‘ఆల్‌మాన్య్’. పల్లెటూరు ‘కాఁపాన్య్’. ఇన్ని చెప్పాక కూడా ‘గ్న’ వినిపిస్తే ఆడియో అక్కడే ఆపేస్తాను. చివరి ‘ఏఎన్’ని పూర్తి ‘న్’గా పలకొద్దు, బడిలో విసుక్కున్న అరసున్న ఇక్కడ పనికొస్తుంది: దార్తాన్యాఁ.

ఆ మొదటి ‘ద’ కూడా చూడండి. ‘ద’ అంటే ‘యొక్క’ లాంటిది. తర్వాత అచ్చు వస్తే దాని అచ్చు ఎగిరిపోతుంది, మేన + అల్లుడు మేనల్లుడైనట్టు. నాలుగో అధ్యాయం శీర్షికలో ఇదంతా ఒక్క చోటే దొరుకుతుంది:

లేపోల్ దాతోస్, ల బోద్రియే ద పోర్తోస్, ఏ ల ముష్వార్ దారామీస్.

ఆతోస్ భుజం, పోర్తోస్ కత్తిపట్టీ, అరామీస్ చేతిరుమాలు. పోర్తోస్ ముందు ‘ద’ చెక్కు చెదరలేదు, మిగతా ఇద్దరి దగ్గర కలిసిపోయింది. ‘బోద్రియే’లో చివరి ఆర్‌ని మింగాం, ‘ముష్వార్’లో ఆర్‌ని ఉంచాం. దీని సంగతి వచ్చే పాఠంలో.

అభ్యాసం: ఈ శీర్షికని పుస్తకం చూసి ఇరవైసార్లు, చూడకుండా అయిదుసార్లు చదవండి. తర్వాత అదే అధ్యాయంలో దార్తాన్యాఁ ఒప్పుకున్న ద్వంద్వయుద్ధాల వేళలు వెతకండి. ఆతోస్‌తో మధ్యాహ్నం 12కి, పోర్తోస్‌తో 1కి, అరామీస్‌తో 2కి. రెండు గంటలు అనే చోట మొదటి మాట చివర ఎక్స్ ఉంటుంది. దాన్ని మింగాలా, పలకాలా, పలికితే ఎలా పలకాలి? జవాబు నేను చెప్పను. ఆడియోలు ఆదివారంలోగా పంపండి.