ఫ్రూట్ కేక్ అంచు మాడకుండా, నడుమ ఉడికేలా

ఇంగ్లండులో టీతో పెట్టే సాదా ఫ్రూట్ కేక్ నాకు ప్రాణం. మా అవెన్‌లో మాత్రం అంచులు మాడి, నడుమ పచ్చిగా ఉండిపోయేది.

రాత్రే 500 గ్రాముల కిస్మిస్, సుల్తానాలు (గింజల్లేని లేత రంగు ఎండుద్రాక్ష) వేడి టీ డికాషన్‌లో నానబెట్టి, పొద్దున వడగట్టాను. వెన్న, బ్రౌన్ షుగర్ చెరో 175 గ్రాములు గిలక్కొట్టి, 3 గుడ్లు, 225 గ్రాముల మైదా, చెంచాడు బేకింగ్ పౌడర్, కాస్త దాల్చిన చెక్క పొడి, చివరగా పండ్లు. పిండి గరిటె నుంచి బద్ధకంగా జారాలి. పల్చనైతే పండ్లు అడుక్కి దిగిపోతాయి.

అసలు కిటుకు టిన్నులో ఉంది. లోపల రెండు పొరల బేకింగ్ పేపర్ పరిచి, బయట మందపాటి ఖాకీ కాగితం చుట్టి దారం కట్టాను. అంచులకు సెగ నెమ్మదిగా అందింది. 150 డిగ్రీల్లో రెండు గంటలు దాటాక నడుమ పుల్ల గుచ్చితే తడి అంటలేదు. టిన్నులోనే చల్లారనిచ్చి మర్నాడు కోయండి, ముక్క విరగదు.