ఏప్రిల్ 15 దాటిపోయిందా? ట్యాక్స్ అటార్నీకి డబ్బు కట్టే ముందు ఇవి చూడండి

అమెరికాలో ఆదాయపు పన్ను రిటర్న్ వేసే గడువు దాటగానే చాలామంది అటార్నీల నంబర్లు వెతకడం మొదలుపెడతారు. ముందు చేయాల్సింది అది కాదు. ఐఆర్ఎస్ (అమెరికా పన్నుల శాఖ) ఆన్‌లైన్ అకౌంట్‌లోకి వెళ్లి, ఆ ఏడాది అకౌంట్ ట్రాన్‌స్క్రిప్ట్ (మీ పన్ను ఖాతాలో ఏమేం నమోదయ్యాయో కోడ్‌లతో చూపే పత్రం) డౌన్‌లోడ్ చేసుకోండి. దానికి పైసా ఖర్చు లేదు. అటార్నీ కూడా మీ సంతకం తీసుకుని మొదట చూసేది దాన్నే. కాకపోతే ఆయన చూసినందుకు బిల్లు వేస్తారు.

అందులో కోడ్ 150 ఉంటే రిటర్న్ నమోదైనట్టు. ఆ పక్కనే అది ఐఆర్ఎస్ తయారుచేసిన సబ్‌స్టిట్యూట్ రిటర్న్ అని ఉంటే మాత్రం అది మీరు వేసింది కాదు. 460 అంటే ఎక్స్‌టెన్షన్, అంటే ఫైలింగ్ గడువు పొడిగింపు. 166 లేట్ ఫైలింగ్ పెనాల్టీ, 276 లేట్ పేమెంట్ పెనాల్టీ.

సమస్య: రిటర్న్ వేయలేదు, నోటీసూ రాలేదు

దీనికి అటార్నీ అక్కర్లేదు. సీపీఏ (లైసెన్సున్న అకౌంటెంట్) గానీ ఎన్‌రోల్డ్ ఏజెంట్ (ఐఆర్ఎస్ అనుమతి ఉన్న పన్ను నిపుణుడు) గానీ చాలు. రీఫండ్ రావాల్సి ఉంటే లేట్ ఫైలింగ్ పెనాల్టీ పడదు, అసలు గడువు నుంచి మూడేళ్లలోపు వేస్తే చాలు. బాకీ ఉంటే మాత్రం ఇవాళే వేయండి. చేతిలో డబ్బు లేదని ఫైలింగ్ ఆపేవాళ్లే ఎక్కువ నష్టపోతారు. కట్టనందుకు నెలకు 0.5 శాతమే, ఫైల్ చేయనందుకు నెలకు 5 శాతం, 25 శాతం దాకా. రెండూ ఒకే నెలకు పడితే కలిపి 5. అంటే 4,000 డాలర్ల బాకీకి మూడు నెలల్లో 600 డాలర్లు, వడ్డీ అదనం. 60 రోజులు దాటితే చిన్న బాకీకి కూడా కనీస పెనాల్టీ ఉంది: 2025లో గడువు పడిన రిటర్నులకు 510 డాలర్లు లేదా బాకీ మొత్తం, ఏది తక్కువైతే అది. రిటర్న్ వేసేశాక వాయిదాలు అడగొచ్చు. 50,000 డాలర్ల లోపైతే ఆన్‌లైన్‌లోనే అయిపోతుంది.

సమస్య: ఎక్స్‌టెన్షన్ వేసినా పెనాల్టీ పడింది

ఎక్స్‌టెన్షన్ కోసం వేసే ఫారం 4868 ఫైల్ చేయడానికే అక్టోబర్ 15 దాకా టైమిస్తుంది, డబ్బు కట్టడానికి కాదు. వచ్చింది 276 అయితే అది న్యాయంగా పడిందే.

సమస్య: ఫైల్ చేశాను కదా, సీపీ59 నోటీసు ఎందుకొచ్చింది?

సీపీ59 అంటే మీ రిటర్న్ తమకు అందలేదని ఐఆర్ఎస్ చెప్పడం. జనాన్ని ముంచేది ఇదే. ప్రిపేరర్ (రిటర్న్ తయారుచేసిపెట్టేవారు) పీడీఎఫ్ పంపుతారు, మీరు ఫీజు కడతారు, ఇక పనైపోయిందనుకుంటారు. ఆ పీడీఎఫ్ మీ కాపీ మాత్రమే. ఈ-ఫైల్ రిజెక్ట్ అయినా అందులో ఒక్క అక్షరం మారదు. రుజువంటే 20 అంకెల సబ్మిషన్ ఐడీ, దాని పక్కన తేదీతో సహా ‘యాక్సెప్టెడ్’ అన్న స్టేటస్. అవి లేకపోతే ఫైల్ కానట్టే లెక్క.

రిజెక్ట్ ఎందుకవుతుంది? మనవాళ్లకు ఎక్కువగా ఇంటిపేరు దగ్గరే వస్తుంది. ఐఆర్ఎస్ చివరిపేరులో మొదటి నాలుగు అక్షరాలను సోషల్ సెక్యూరిటీ రికార్డుతో పోల్చి చూస్తుంది. కార్డులో ఇంటిపేరు లాస్ట్ నేమ్‌గా ఉండి, రిటర్న్‌లో అసలు పేరు ఆ గడిలో పడితే వెనక్కి కొడుతుంది. రెండోది, భార్యకో భర్తకో ఐటిన్ (సోషల్ సెక్యూరిటీ నంబర్ రానివాళ్లకు ఐఆర్ఎస్ ఇచ్చే పన్ను నంబర్) లేకపోవడం. ఐటిన్ దరఖాస్తు డబ్ల్యూ-7 జతచేసే రిటర్న్ ఈ-ఫైల్‌లో వెళ్లదు, కాగితం మీదే పంపాలి. వరసగా మూడేళ్లు వాడని ఐటిన్ గడువు తీరిపోతుంది, అదీ చూసుకోండి. మూడోది, పోయినేడాది ఏజీఐ (రిటర్న్‌లో ఉండే సర్దుబాటు చేసిన మొత్తం ఆదాయం) తప్పు కొట్టడం. ఇవేవీ కాకపోతే ఈ-ఫైల్‌కు అనుమతిచ్చే ఫారం 8879 మీద మీరు సంతకమే పెట్టలేదేమో చూడండి. అది లేకుండా ప్రిపేరర్ రిటర్న్ పంపకూడదు.

గడువులోపు పంపింది రిజెక్టయితే, గడువు తర్వాత సరిచేసి మళ్లీ ఈ-ఫైల్ చేయడానికి 5 రోజులుంటాయి. కాగితం మీదైతే రిజెక్ట్ అయిన రోజు నుంచి 10 రోజులు. మొదటి పేజీ పైన ఎర్ర ఇంకుతో రిజెక్టయిన ఈ-రిటర్న్ అని తేదీతో రాసి, రిజెక్షన్ కాపీ జతచేసి సర్టిఫైడ్ మెయిల్‌లో పంపండి. రసీదు పారేయకండి.

ఆ రోజులూ దాటిపోయాక చాలామంది అటార్నీకి డబ్బిచ్చి ‘తప్పు మా ప్రిపేరర్‌ది’ అని ఉత్తరం రాయిస్తారు. ఆ వాదన నిలవదు. 1985లో బాయిల్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు, ఏజెంటు మీద వదిలేయడం సరైన కారణం కాదంది. ఈ-ఫైలింగ్‌కీ అదే వర్తిస్తుందని 2023లో పదకొండో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు చెప్పింది. రిటర్న్ వేసేసి, ఫస్ట్ టైమ్ అబేట్‌మెంట్ (మొదటిసారి పడిన పెనాల్టీ మాఫీ) అడగండి. ముందు మూడేళ్లు పెనాల్టీ లేకుండా ఉండి, బాకీ కట్టేసో వాయిదాలకు ఒప్పుకునో ఉంటే చాలు. నోటీసు మీదున్న నంబరుకు ఫోన్ చేసి కూడా అడగొచ్చు.

సమస్య: ఇండియాలో ఎఫ్‌డీలున్నాయి, ఎక్కడా చూపించలేదు

ఇక్కడ మాత్రం అటార్నీయే ముందు, సీపీఏ తర్వాత. కారణం, సీపీఏతో మాట్లాడినదానికి ఉన్న గోప్యత క్రిమినల్ వ్యవహారంలో చెల్లదు. అటార్నీయే తన తరఫున సీపీఏని పెట్టుకుంటారు. ఎన్‌ఆర్‌ఈ (ప్రవాసులు ఇండియాలో తెరిచే బ్యాంకు ఖాతా) వడ్డీకి ఇండియాలో పన్ను లేకపోవచ్చు, అమెరికాలో ఉంది. అన్ని ఖాతాలూ కలిపి ఏడాదిలో ఎప్పుడైనా 10,000 డాలర్లు దాటితే ఎఫ్‌బార్, అంటే విదేశీ ఖాతాల వివరాల నివేదిక, వేయాలి. వడ్డీ అంతా చూపించి ఎఫ్‌బార్ ఒక్కటే మరిచిపోతే, కారణం రాసి ఆలస్యంగా వేస్తే సరిపోతుంది. వడ్డీ కూడా చూపించకపోయి ఉంటే, అమెరికాలో ఉండేవాళ్లకు 5 శాతం పెనాల్టీతో తప్పు సరిదిద్దుకునే స్ట్రీమ్‌లైన్డ్ దారుంది, అదీ కావాలని చేయలేదని రాసివ్వగలిగితేనే. కానీ గత మూడేళ్ల రిటర్నులు ముందే వేసినవాళ్లకే అది. రిటర్నే వేయనివాళ్లకు ఆ తలుపు మూసే ఉంటుంది. అందుకని హడావుడిగా రిటర్న్‌లో వడ్డీ, విదేశీ ఖాతాల గురించి అడిగే షెడ్యూల్ బీలో ‘విదేశీ ఖాతాలు లేవు’ అని టిక్ కొట్టి రిటర్న్ పంపేయకండి. తర్వాత అటార్నీకి మిగిలే దారులు ఆ ఒక్క టిక్కుతో తగ్గిపోతాయి.

ఐఆర్ఎస్ స్పెషల్ ఏజెంట్ (క్రిమినల్ దర్యాప్తు అధికారి) తలుపు తట్టడం అరుదు. తడితే నోరు విప్పకుండా అటార్నీని పిలవండి. ట్యాక్స్ కోర్టుకు వెళ్లే 90 రోజుల నోటీసు వచ్చినా అంతే, ఆ గడువును ఐఆర్ఎస్ పెంచదు. ‘రూపాయికి పైసాతో సెటిల్ చేస్తాం’ అనే ప్రకటనలను పట్టించుకోవద్దు, రిటర్నులన్నీ వేయనిదే ఐఆర్ఎస్ సెటిల్‌మెంట్ దరఖాస్తు తీసుకోదు.

అటార్నీని పెట్టుకున్నాక, మీ తరఫున మాట్లాడే అధికారం ఇచ్చే ఫారం 2848 మూడో వరసలో ఏయే ఏళ్లున్నాయో చూడండి. ‘అన్ని ఏళ్లు’ అని రాస్తే తిప్పి పంపుతారు. ఒక్క ఏడాదే రాస్తే మిగతా ఏళ్ల గురించి ఆయన ఫోన్ చేసినా ఐఆర్ఎస్ మాట్లాడదు.